పదకొండో పేజీలో గొడ్డలి: ఒక పోరాట ఘట్టాన్ని తిరిగి గీసిన వైనం

పన్నెండేళ్ల కుర్రవాడు నా బల్ల ముందు నిలబడ్డాడు. చేతిలో స్కేలు ఉంది. బల్ల మీద కామిక్ పుస్తకం నమూనా ప్రతి, పదకొండో పేజీ దగ్గర తెరిచి ఉంది. అందులో గొడ్డలి ఎత్తిన దొంగ ఎలా నిలబడ్డాడో తానూ అలాగే నిలబడాలని చూస్తున్నాడు. కుడి చేతిని తల వెనక్కి తీసుకెళ్లాడు, నడుము ఎడమకు తిప్పాడు, ఎడమకాలు పైకెత్తాడు. అంతలోనే తూలి బల్ల అంచు పట్టుకున్నాడు.

“మాస్టారూ, ఈయన ఇలా ఎలా నిలబడ్డాడు? నేను పడిపోతున్నాను” అన్నాడు.

నేనూ లేచి ప్రయత్నించాను. నేనూ తూలాను. ఆ ఒక్క బొమ్మకు రెండు రోజులు పట్టింది. కండలు, కోపం, గాలికి ఎగిరే తలపాగా కొస, అన్నీ శ్రద్ధగా గీశాను. మనిషి బరువు ఏ పాదం మీద ఉందన్నది మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అచ్చుకు వెళ్లాల్సిన నాలుగు పేజీలను ఆ రోజే వెనక్కి తీసుకున్నాను. వాటిని మళ్లీ ఎలా గీశానో, ఎందుకలా గీశానో రాస్తున్నాను. పోరాటాలు గీసేవారికి ఇందులో పనికొచ్చేవి కొన్ని ఉంటాయని నమ్ముతున్నాను.

నేనుండేది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు సరిహద్దుకు అవతల పడింది, ఇళ్లలో మాత్రం తెలుగు అలాగే నిలిచింది. పిల్లలకు బొమ్మలు నేర్పుతాను, మిగిలిన వేళల్లో కామిక్స్ గీస్తాను. ఈ పుస్తకానికి కథ రాసింది మా వీధిలోని రిటైర్డ్ పోస్టుమాస్టరు గారు. ఆయనను బాబాయి అంటాను. కథ 1750ల నాటిది. సముద్రతీరం నుంచి ఉప్పు ఎత్తుకున్న పెరికె ఎడ్ల బిడారు మహేంద్రగిరి వైపు కనుమ ఎక్కుతూ ఉంటుంది. ముగ్గురు దొంగలు దారికాస్తారు. ఒకడిది గొడ్డలి, ఇంకొకడిది బల్లెం, మూడోవాడు గుట్ట మీద విల్లుతో ఉంటాడు. బిడారు కాపలావాడి దగ్గర వంపు కత్తి, తోలు డాలు ఉంటాయి. ముప్పై రెండు పేజీల పుస్తకంలో ఈ ఘట్టానికి నాలుగు పేజీలు, పంతొమ్మిది ప్యానెళ్లు కేటాయించాను.

మొదటి రూపంలో ఏం జరిగిందో చెబుతాను. కాపలావాడు ఎద్దు వీపు మీది నుంచి పైకెగిరి, గాలిలో ఉండగానే ఇద్దరిని కొట్టేస్తాడు. గొడ్డలి దెబ్బను కత్తి వాదరతో అడ్డుకుంటాడు. దొంగ వేసిన బాణం తగిలి ఒక కూలివాడు నాలుగు అడుగులు వెనక్కి ఎగిరిపడతాడు. ప్రతి దెబ్బకూ “ఢాం” అనే చప్పుడు. ఎద్దులు ఇంత గోలలోనూ రాతి నందుల్లా నిలబడి ఉంటాయి.

తప్పు ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ బాబాయి రాసిన ప్రతిని మళ్లీ తీశాను. ఆ నాలుగు పేజీల్లో “విరుచుకుపడ్డాడు” అనే మాట తొమ్మిది చోట్ల ఉంది. గొడ్డలివాడూ విరుచుకుపడ్డాడు, బల్లెంవాడూ విరుచుకుపడ్డాడు. చదవడానికి జోరుగానే ఉంటుంది కానీ గీయడానికి అందులో ఏమీ లేదు. ప్రతి పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను.

“బాబాయి గారూ, ఇక్కడ వీడు నరికాడా, కోశాడా, పొడిచాడా?”

“ఏదైతే ఏముంది బాబూ? కొట్టాడు. నువ్వు గీయి.”

“నరికితే చేయి పైనుంచి రావాలి. పొడిస్తే మోచేయి వెనక నుంచి రావాలి. కోస్తే కత్తిని వెనక్కి లాక్కోవాలి. మూడింటికీ కాళ్లు మూడు చోట్ల ఉంటాయి.”

ఆయన కళ్లజోడు తీసి కాసేపు కాగితం చూశారు. తర్వాత మేమిద్దరం కలిసి తొమ్మిది చోట్లా మాటలు మార్చాం. నరకడం, కోయడం, పొడవడం, గుచ్చడం, చెక్కడం, చీల్చడం, మోదడం, బాదడం, కుమ్మడం: తెలుగులో దెబ్బకు ఇన్ని క్రియలున్నాయి. ఒక్కొక్కటి ఒక్కో ఆయుధాన్ని, ఒక్కో దిశను, ఒక్కో బరువును తనలో దాచుకుని ఉంది. “బల్లెంతో నరికాడు” అని మన నోట సహజంగా రాదు. నోటికి తెలిసిన ఈ తేడాను నా చేయి మరిచిపోయింది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పారు, సవర భాష నేర్చుకున్నారు, వాడుక భాషలో రాయాలని పోరాడారు. పలికే మాటకూ రాసే మాటకూ మధ్య దూరం ఉండకూడదని ఆయన అన్నట్టే, పని చేసే ఒంటికీ గీసే ఒంటికీ మధ్య దూరం ఉండకూడదని ఆ సాయంత్రం నాకు గట్టిగా అనిపించింది.

ముందు గొడ్డలి సంగతి. దీనికే అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది.

ఊరి చివరి కట్టెల అడితికి మూడు ఉదయాలు వెళ్లాను. అక్కడ మొద్దులు చీల్చే పెద్దాయన అనుమతితో ఫోనులో వీడియో తీశాను. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి సెకనుకు 240 బొమ్మలు తీసే నిదాన వీడియో సౌకర్యం ఉంది. గొడ్డలి పైనుంచి కిందికి రావడానికి సెకనులో మూడో వంతు పట్టింది, అంటే ఎనభై బొమ్మలు. ఆ ఎనభైలో ఏ ఒక్కటి కామిక్ ప్యానెల్ అవుతుందన్నదే చిత్రకారుడి ముందున్న ప్రశ్న.

ఆ బొమ్మల్లో మొదట కళ్లకు కట్టినది ఆయన కుడి చేయి. గొడ్డలి పైకెత్తేటప్పుడు కుడి చేయి గొడ్డలి తలకాయ దగ్గర, ఇనుముకు ఆనుకుని ఉంది. కిందికి దింపేటప్పుడు ఆ చేయి కామ (గొడ్డలి కర్రపిడి) మీద జారుతూ వచ్చి ఎడమ చేతిని చేరింది. ఎత్తేటప్పుడు బరువును ఒంటికి దగ్గరగా ఉంచుకుని, దించేటప్పుడు దూరంగా వదులుతున్నాడన్న మాట. రోకలిని నడుమ పట్టుకుంటే ఆడపిల్ల కూడా గిరగిరా తిప్పుతుంది, ఒక కొస పట్టుకుని తిప్పమంటే వస్తాదుకూ మణికట్టు నొప్పి పుడుతుంది. బరువు అదే, దూరం మారింది. తిప్పే చోటి నుంచి బరువు రెట్టింపు దూరం జరిగితే దాన్ని తిప్పడం నాలుగింతలు కష్టమవుతుంది. నేను గీసిన దొంగ రెండు చేతులూ కామ చివర బిగించి, గొడ్డలిని వీపు వెనకకు వేలాడదీశాడు. అక్కడి నుంచి దాన్ని ముందుకు తెచ్చేలోపు ఎదుటివాడు నడిచి వెళ్లిపోవచ్చు.

రెండోది పాదాలు. దెబ్బ పడే క్షణంలో పెద్దాయన మోకాళ్లు వంగాయి, రెండు మడమలూ నేలకు అంటుకున్నాయి. ఒక్క వీడియోలోనూ కాలు పైకి లేవలేదు.

మూడోది నేను వెతుక్కుంటూ వెళ్లినది కాదు. ఒక పచ్చి మద్ది మొద్దులో ముడి ఉన్న చోట గొడ్డలి దిగి పట్టేసింది. పెద్దాయన లాగాడు, రాలేదు. కామను పైకీ కిందికీ ఊపాడు. మొద్దు మీద కాలు వేసి తన్నిపట్టి మళ్లీ లాగాడు. గొడ్డలి బయటికి రావడానికి నా వీడియోలో పదకొండు సెకన్లు పట్టింది. దెబ్బ వేయడానికి మూడో వంతు సెకను, దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి పదకొండు సెకన్లు. పోరాటమంతా ఈ రెండో అంకెలోనే ఉంది. కామిక్స్‌లో మనం ఎప్పుడూ గీయనిది కూడా అదే.

అక్కడే కాటా మీద గొడ్డలిని తూయించాను, కామతో కలిపి రెండు కిలోలకు కాస్త తక్కువ తూగింది. వేలి మీద నిలబెడితే తలకాయకు బెత్తెడు దూరంలోనే తూకం కుదిరింది. కొండల్లో భుజాన వేసుకుని తిరిగే టాంగియా అనే గొడ్డలి ఇంతకంటే తేలిక, కామ సన్నం. అందుకని కొత్త పేజీల్లో దొంగ చేతికి టాంగియానే ఇచ్చాను. కట్టె కదలదు, మనిషి కదులుతాడు కాబట్టి ఊపును కూడా తగ్గించాను. గొడ్డలి ఇప్పుడు చెవి ఎత్తుకు మించి లేవదు.

కత్తితో గొడ్డలిని అడ్డుకోవడం తీసేశాను. సన్నని వాదర మీద ఆ బరువు పడితే వాదర పెచ్చులూడుతుంది, మణికట్టు మడత పడుతుంది. ఇప్పుడు కాపలావాడు వెనక్కి జరగడు, ఒక అడుగు ముందుకు వేస్తాడు. గొడ్డలికి పదునంతా చివర ఉంటుంది కాబట్టి లోపలికి చొచ్చుకుపోతే భుజానికి తగిలేది కామ మాత్రమే. నొప్పి ఉంటుంది, తెగదు. గొడ్డలి అతన్ని దాటిపోయి దారి పక్కన మద్ది చెట్టులో దిగుతుంది. ఆ తర్వాతి ప్యానెల్లో మాటలు లేవు. దొంగ చెట్టు మీద కాలు వేసి రెండు చేతులతో కామ లాగుతుంటాడు, కాపలావాడు అతని వైపు తిరుగుతుంటాడు. ఎనభై బొమ్మల్లో ఒక్కటి కూడా వాడకుండా, వాటి తర్వాతి పదకొండు సెకన్లలో నుంచి ఒకటి తీసుకున్నాను.

కత్తికి వేరే గురువు దొరికాడు. బరంపురంలో కర్రసాము నేర్పే ఒక పెద్దాయన దగ్గర మొద్దువారిన పాత వంపు కత్తి ఉంది. దాని పిడి కింద గుండ్రని బిళ్ల ఉంటుంది. అది చేతిలో పెట్టగానే నా మొదటి బొమ్మలు ఎందుకు తప్పో అర్థమైంది. మణికట్టును ముందుకు చాచబోతే బిళ్ల అంచు చేతికి గుచ్చుకుని ఆపేస్తుంది. ఆ కత్తి మోచేతి నుంచీ భుజం నుంచీ కదలమంటుంది. కిలో దరిదాపుల్లో బరువు, తూకం పిడికి జానెడులోపే. గొడ్డలిలాగా అది చేతిని ఈడ్చుకుపోదు, తప్పిపోయిన దెబ్బ నుంచి చప్పున వెనక్కి తిరుగుతుంది. గొడ్డలికీ కత్తికీ అసలు తేడా పదునులో కాదు, ఈ తిరిగి రావడంలో ఉంది.

వంపు ఎందుకన్నది మాత్రం మా వంటింట్లోనే తెలిసింది. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని దోసకాయ తరుగుతోంది. కాయను వాదర మీద అదమడం లేదు. వంపు వెంట జారుస్తోంది. అదిమి చూడమని అడిగాను. కాయ నలిగింది, తొక్క దగ్గర ఆగింది. జారిస్తే తెగుతోంది. వంపు కత్తీ అంతే, తగిలాక జారాలి. కాబట్టి దెబ్బ తగిలిన ప్యానెల్లో కాపలావాడి మోచేయి చాచి ఉండకూడదు, అప్పటికే మడత పడుతూ, నడుముతో పాటు వెనక్కి వస్తూ ఉండాలి. పాత బొమ్మలో అతని చేయి గెడకర్రలా చాచి ఉంది. ఆ ఒక్క మోచేయిని ఇరవైసార్లు గీసి ఉంటాను.

అరటి బోదెల మీద కూడా చూశాను. పెరట్లో గెల కోసేసిన బోదెను పాతి, పదును పెట్టిన ఇంటి కత్తితో కొట్టాను. ఏటవాలుగా, లాగుతూ కొడితే తెగింది. అడ్డంగా కొడితే సగంలో ఆగింది. తర్వాత పాత కంబళిని నాలుగు మడతలు పెట్టి బోదెకు చుట్టి మళ్లీ కొట్టాను. కంబళి మీద గీత పడింది, బోదె నలిగింది, తెగలేదు. కొండదారిలో చలికి దొంగల భుజాన కంబళి ఉండడం సహజమే. అందుకే బల్లెంవాడి భుజం మీద పడిన కత్తి దెబ్బ ఇప్పుడు రక్తం చిందించదు. అతని భుజం కుంగుతుంది, చేతి పట్టు సడలుతుంది. పిల్లల పుస్తకంలో నెత్తురు ఎంత ఉండాలన్న చర్చ మా మధ్య చాలా సాగింది. బరువు సరిగ్గా పడితే నెత్తురు అక్కర్లేదని ఇప్పుడు నిశ్చయంగా చెప్పగలను. కుంగిన భుజం చూసిన పిల్లలు తమ భుజం పట్టుకుంటున్నారు. (ఈ పరీక్షలన్నీ ఒంటరిగా, చుట్టూ ఎవరూ లేనప్పుడు, నిలబెట్టిన వస్తువుల మీదే చేశాను. మనుషుల మధ్య చేసినవన్నీ గుడ్డ చుట్టిన కర్రలతోనే.)

బాణం సంగతి త్వరగా తేలిపోయింది. ముప్పై గ్రాముల బాణం సెకనుకు యాభై మీటర్ల వేగంతో వచ్చి అరవై కిలోల మనిషిలో ఆగిపోయిందనుకుందాం. ఆ వేగాన్ని మనిషి బరువుకు పంచితే అతనికి వచ్చే కదలిక సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు, అంటే చీమ నడక. నాలుగు అడుగులు ఎగిరిపడడం జరగని పని. అంత తోపు బాణానికి ఉంటే, దాన్ని వదిలిన విలుకాడూ వెనక్కి పడాలి కదా. బాణం తోయదు, దిగుతుంది. కొత్త ప్యానెల్లో అది కూలివాడి చెవి పక్కగా వెళ్లి ఉప్పు పెరికెలో దిగబడుతుంది. గోనె చిల్లు నుంచి ఉప్పు సన్నగా కారుతుంది. విసిరిన బల్లెం కొంచెం మేలు. కిలో బరువు, సెకనుకు పదిహేను మీటర్ల వేగం అనుకుంటే మనిషికి సెకనుకు పాతిక సెంటీమీటర్ల కదలిక వస్తుంది. ఒక అడుగు తూలిస్తుంది, అంతకు మించి కాదు.

బల్లెం విషయంలో నేను చేసిన తప్పు దూరానిది. బల్లెంవాడినీ కత్తివాడినీ ముక్కుకు ముక్కు ఆనించి గీశాను. ఆరేడు అడుగుల బల్లేనికి ఉన్న బలమంతా కత్తి అందనంత దూరంలో నిలబడడమే. కనుమ దారి ఒక ఎద్దు పట్టేంత వెడల్పు, పక్కకు తిరగడానికి చోటు లేదు. అలాంటి చోట బల్లెం ముందు కత్తి ఏమీ చేయలేదు, మొన దాటి లోపలికి రాగలిగితే తప్ప. అందుకని ఆ పేజీలో మూడు ప్యానెళ్లు పొడవుగా, అడ్డంగా పరిచాను. ఒక కొసన బల్లెం, ఇంకో కొసన కత్తి, నడుమ ఖాళీ నేల. ఆ ఖాళీ ఒక్కో ప్యానెల్లో కాస్త తగ్గుతుంది. నేల వాలు కూడా ఇప్పుడు కనిపిస్తుంది. పల్లంలో ఉన్నవాడి మోకాలు ఎక్కువ వంగి ఉంటుంది, మిట్టన ఉన్నవాడి దెబ్బ కిందికి వాలుతుంది.

ఎద్దు మీది నుంచి ఎగిరే బొమ్మను వదులుకోవడానికి బాధపడ్డాను, అది బాబాయికి ఎంతో ఇష్టమైనది. కానీ రెండు అడుగుల ఎత్తుకు ఎగిరిన మనిషి గాలిలో ఉండేది ముప్పావు సెకనుకన్నా తక్కువే. ఆ లోపు రెండు దెబ్బలు వేయడం ఒక చిక్కు. పాదాలకు నేల లేకపోవడం ఇంకా పెద్ద చిక్కు. గాలిలో కత్తిని కుడికి విసిరితే ఒళ్లు ఎడమకు తిరుగుతుంది, దెబ్బకు ఆనుకునే ఆధారం ఉండదు. ఆయనకు స్టూలు మీది నుంచి దూకుతూ గుడ్డ కర్రతో దిండును కొట్టి చూపించాను. నేల మీద నిలబడి అదే దిండును మళ్లీ కొట్టాను. చప్పుడు విని ఆయనే ఆ బొమ్మను కొట్టేశారు.

ఎద్దులు మాత్రం కథలోకి నిజంగా వచ్చాయి. ఇరుకు దారిలో బెదిరిన ఎద్దును మించిన ఆయుధం లేదు. ఒక్క ఎద్దు పక్కకు తిరిగితే వీపు మీది పెరికెలు ఎంతటివాడినైనా లోయలోకి తోసేస్తాయి. గంటలు కొట్టుకోవడం, తోక నిక్కడం, కంటి తెల్లగుడ్డు కనబడడం, ఇవి రెండు ప్యానెళ్లలో చేర్చాను. దొంగలు పారిపోవడానికి కత్తి ఎంత కారణమో ఎద్దూ అంతే కారణం.

శబ్దాలన్నీ మార్చాం. గొడ్డలి చెట్టులో దిగితే “థక్”. బాణం పక్కగా పోతే “సర్రు”, గోనెలో దిగితే “కసుక్కు”. కాపలావాడిది బర్రెతోలు డాలు కాబట్టి “ఖణేల్” అనడానికి వీల్లేదు, “దబ్బు” అనాలి. ఆ “దబ్బు”ను బాబాయి వెంటనే ఒప్పుకోలేదు. వినసొంపుగా లేదన్నారు. మా ఇంట్లో పాత తోలు సంచిని కర్రతో కొట్టి వినిపించాక ఆయనే అక్షరాలను లావుగా, గుండ్రంగా రాయమన్నారు.

అన్నీ నిజం చేయలేదు, చేయాలనుకోలేదు కూడా. దూరం నుంచి చూపిన ప్యానెళ్లలో కత్తిని ఉన్నదానికంటే ఐదో వంతు పొడవుగా గీశాను, లేకపోతే చిన్న సైజు అచ్చులో గీతలా మాయమైపోతుంది. ఒకటే షరతు పెట్టుకున్నాను: పొడవు పెంచినా కదలికను మార్చకూడదు. గాయాల విషయంలో మాత్రం రాజీ పడలేదు. గుండె ఆగిన మనిషికి కూడా పది సెకన్ల దాకా స్పృహ ఉండవచ్చు. పొడవగానే కళ్లు మూసుకుని ఒరిగిపోయే మనిషిని ఇక గీయను. దెబ్బ తిన్న బల్లెంవాడు ఈ పుస్తకంలో ఇంకో రెండు ప్యానెళ్లు నిలబడే ఉంటాడు, చేయి వేలాడుతూ, ఇంకా ప్రమాదకరంగానే.

నాలుగు పేజీలు ఐదయ్యాయి, పంతొమ్మిది ప్యానెళ్లు ఇరవై మూడయ్యాయి. ఆరు వారాలు అదనంగా పట్టింది. దెబ్బ తగిలే క్షణాన్ని నేరుగా చూపే ప్యానెళ్లు మొదటి రూపంలో పదకొండు, ఇప్పుడు నాలుగే. మిగిలినవన్నీ దెబ్బకు ముందువో, తర్వాతవో.

అచ్చయిన ప్రతిని ఆ కుర్రవాడికే ముందు ఇచ్చాను. మళ్లీ స్కేలు పట్టుకున్నాడు. పదకొండో పేజీలో గొడ్డలివాడిలా నిలబడ్డాడు, తూలలేదు. పన్నెండో పేజీలో కాపలావాడిలా ముందుకు అడుగు వేసి, కత్తి చేతిని నడుము దగ్గరకు లాక్కున్నాడు. అది కుదిరింది. తర్వాత ఎడమ చేయి వైపు చూసుకుని ఆగిపోయాడు.

“మాస్టారూ, డాలు ఉన్న చేయి ఎక్కడ పెట్టుకున్నాడు?”

ఆ ప్యానెల్లో కాపలావాడి ఎడమ చేయి ఎద్దు మెడ వెనక దాగి ఉంటుంది. కత్తి జారేటప్పుడు డాలు ఎటు పోతుందో నాకు తెలియలేదు కాబట్టే అక్కడ దాచాను. మొన్న ఆదివారం బరంపురం వెళ్లి ఆ పెద్దాయనను మళ్లీ కలిశాను. డాలు వెనక రెండు పట్టీలుంటాయి, రెండింటినీ కలిపి పిడికిట్లో బిగిస్తారు. కత్తి వెనక్కి వచ్చేటప్పుడు డాలు ముందుకు పోతుంది, కత్తి చేతి మణికట్టును కప్పుతూ. రెండో ముద్రణ కోసం ఆ ఎద్దును ఒక అంగుళం ఎడమకు జరిపి, ఆ పిడికిలిని గీస్తున్నాను.